ఇస్త్రీ బల్ల దగ్గర నేర్చుకున్న ఆట

దర్జీ తాత చేతికి కొలత ఉంది గాని నోటికి లేదు. ఈ మాట అన్నది పైవాళ్ళు కాదు, ఆయనతో ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన భార్యే. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆయన కోసే కోతలకు పక్కనుంచి అడ్డు తగిలేది. "అబ్బ, ఇక ఊరుకుందురూ" అని ఒక్క మాటంటే చాలు, ఆయన సగంలో ఆపేసి మీసం కింద నవ్వుకునేవాడు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

మనిషి చెడ్డవాడేం కాదు. అరవై ఒకటో ఏట కూడా పొద్దున ఎనిమిదింటికల్లా మిషను ముందుంటాడు. ఒకప్పుడు పెళ్ళి సూట్లు కత్తిరించిన చెయ్యి. రెడీమేడ్ బట్టలు వచ్చిపడ్డాక ఆ పని పోయింది. ఇప్పుడు ఒక డ్రైక్లీనింగ్ దుకాణం అడుగున, సగం నేలలోకి ఉన్న గదిలో, ప్యాంట్ల కాళ్ళు పొట్టి చేయడం, తెగిన జిప్పులు మార్చడం, పెరిగిన పొట్టలకు నడుములు వదులు చేయడం మిగిలాయి. ఆ గది కిటికీ వీధి మట్టానికి ఉంటుంది. అందులోంచి చూస్తే వీధిలో పోయేవాళ్ళ మొహాలు కనిపించవు, మోకాళ్ళ కిందనుంచే కనిపిస్తారు. "ఈయన ప్యాంటు అంగుళం పొడుగు, ఆయనది ఎడం కాలు పైకి లేచింది" అని రోజంతా తనలో తాను తీర్పులు చెప్పుకుంటూ కుడతాడు. ఎవరినైనా పరిచయం చేస్తే ముందు భుజాలు చూసి, ఆ తర్వాత తీరిగ్గా మొహం చూసే రకం.

ఆ గదిలో ఆయనతోపాటు పనిచేసేది ఇస్త్రీ ఆవిడ ఒక్కతే. ఆయన కుట్టి పక్కన పడేసిన ప్రతి బట్టా ఆవిడ బల్ల మీదికి వెళ్తుంది. ఆవిడకు యాభై దాటి ఉంటాయి, పొట్టి మనిషి, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. ఆవిడ సొంత భాష స్పానిష్. ఇద్దరూ ఆ దేశానికి వలస వచ్చినవాళ్ళే, ఊళ్ళో నడిచే ఇంగ్లీషు ఇద్దరికీ అరువుదే కాబట్టి, ఇద్దరూ దాన్ని విరిచి ముక్కలు చేసి పని కానిచ్చుకునేవారు. దుకాణంలో అందరూ పిలిచినట్టే ఆవిడా ఆయన్ని "మాస్టర్" అనేది. ఆయన మాత్రం ఆవిడను "ఇదిగో" అని పిలిచేవాడు. గదిలో కుర్చీలు రెండు. ఒకటి ఆయనది, రెండోది కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళది. ఆయన కూర్చుని చేసే పనివాడు, ఆవిడ నిలబడి చేసే మనిషి. ఈ తేడాను గోడ మీద ఎవరూ రాయలేదు గాని, ఆయన మనసులో మాత్రం బాగా పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. మధ్యాహ్నం మూడు కొట్టగానే ఆవిడ ఏప్రను మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయేది. ఎక్కడికి వెళ్తుందో పదకొండేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

భార్య పోయాక ఆయన కూతురి ఇంట్లోనే ఉంటున్నాడు. కూతురికి ఆసుపత్రి ల్యాబులో షిఫ్టులు. అల్లుడు దూరాలు వెళ్ళే లారీ తోలతాడు, వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇద్దరు మనవరాళ్ళు. పెద్దదానికి ఆరేళ్ళు, ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. రెండోదానికి నాలుగు, అది ఉడత. పేర్లు ఎందుకు వచ్చాయో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఉడత ఎప్పుడూ ఏదో ఒకదాని మీదికి ఎక్కుతూ ఉంటుంది. పిచ్చుక ఇంట్లో ఒకటే కిచకిచ, గడప దాటితే మాత్రం చప్పుడుండదు.

ఆ చప్పుడు లేకపోవడమే చిక్కయింది. బళ్ళో ఒకటో తరగతి నుంచీ స్పానిష్ చెబుతారు. పిచ్చుక ఏడాది మొదలైనప్పటినుంచీ నోరు విప్పలేదు. టీచరమ్మ ఇంటికి కాగితం పంపింది. ఇంట్లో రోజూ కాసేపు ఆటల్లో పెట్టి మాట్లాడించండి, పాఠంలా వద్దు, బలవంతం అసలే వద్దు, ఈ మూడు నెలల్లో కాస్తయినా మాట్లాడకపోతే వచ్చే ఏడు మెల్లగా నేర్చుకునేవాళ్ళ గదిలో కూర్చోబెట్టాల్సి ఉంటుంది అని దాని సారాంశం. కూతురు ఆ కాగితం పట్టుకుని వంటింట్లో నిలబడిపోయింది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది, కాళ్ళకు ఇంకా బూట్లు ఉన్నాయి.

"నాకు రాదు, ఆయనకు రాదు. వచ్చినా టైమేది? ఏం చెయ్యమంటావు నాన్నా?"

అక్కడ ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు.

"నేనున్నాగా. నాకు స్పానిష్ కొంచెం వచ్చులే" అన్నాడు తాత.

"నీకా? ఎప్పుడు నేర్చుకున్నావు?"

"కుర్రతనంలో. అప్పట్లో ఒక పుస్తకముండేది నా దగ్గర."

కూతురు తండ్రి మొహంకేసి చూసింది. ఆ చూపులో అనుమానం కంటే అలసట ఎక్కువ. నమ్మితే ఒక బరువు దిగుతుంది కాబట్టి నమ్మేసింది. ఆయనకు వచ్చిన స్పానిష్ ఎంతంటే, అసలు లేదు. దుకాణంలో ఆవిడ ఫోనులో మాట్లాడుకుంటుంటే చెవిన పడేది, అంతే.

మర్నాడు నిజంగానే ఒక పుస్తకం కొనుక్కొచ్చాడు. సాయంత్రం పిల్లలిద్దరినీ నిటారుగా కూర్చోబెట్టి బల్ల, కుర్చీ, తలుపు అని మూడేసి సార్లు చెప్పించబోయాడు. రెండో కుర్చీ దగ్గరే ఉడత మంచం కిందికి దూరింది. పిచ్చుక పెదాలు బిగించి నేల చూపులు చూసింది. బళ్ళో చూసిందే ఇంట్లోనూ ఎదురైతే పాపం అది మాత్రం ఎక్కడికి ఎగురుతుంది? కాస్త గట్టిగా అడిగేసరికి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాత పుస్తకం మూసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం, టిఫిను డబ్బాలు విప్పుకునే వేళ, ఆయన దారం చివర నోట్లో పెట్టుకుని తడుపుతూ, ఏదో గాలిలోంచి రాలినట్టు అడిగాడు.

"ఇదిగో, మీ భాషలో వేడిని ఏమంటారు?"

ఇస్త్రీ ఆవిడ చేతిలో పెట్టెను పక్కన నిలబెట్టింది. బల్ల మీద బట్ట ఉండగా ఆవిడ పెట్టెను దించడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఎవరికి మాస్టర్?"

"మనవరాలికి. బళ్ళో చెబుతున్నారు. దాన్ని కాస్త మాట్లాడించాలి."

"పిల్లకా? పిల్లకైతే ఇలా కాదు. లేవండి. అటు తిరగండి. కళ్ళు మూసుకోండి."

ఆయన ఏమనబోయాడో ఏమో, లేచి నిలబడ్డాడు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు ఒకటుంటుంది ఆయన దగ్గర. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి ఎక్కడో దాచింది. వెతకమంది. ఆయన కిటికీ వైపు వెళ్తే "ఫ్రీయో, ఫ్రీయో" అంది, చలి అని వణికి చూపిస్తూ. బీరువా వైపు తిరిగితే "తీబియో", అంటే గోరువెచ్చన. బట్టల బుట్ట దగ్గరికి వచ్చేసరికి "కాలియెంతే!" అని అరిచి, వేలు నాలిక మీద తడుపుకుని గాలిలో తాకించి "త్స్స్" అంది. ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చూడటానికి రోజుకు వందసార్లు ఆవిడ చేసే పనే అది. ఆయన బుట్టలో చెయ్యి పెట్టగానే "తే కేమాస్! తే కేమాస్!" అని చప్పట్లు కొట్టింది. కాలిపోతున్నావ్, దొరికిపోయింది అని అర్థమట. పైనుంచి కౌంటరు కుర్రది ఏం పడిపోయిందోనని మెట్లు దిగి వచ్చి చూస్తే, మాస్టర్ బుట్టలో తల పెట్టి ఉన్నాడు, ఇస్త్రీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో కూడా అదే ఆట. దాచేది పిచ్చుక, వెతికేది ఉడత. ఉడత సోఫా ఎక్కి, దిగి, తప్పుగా స్నానాలగది వైపు పరిగెత్తింది. పిచ్చుక ఆగలేకపోయింది. "ఫ్రీయో! ఫ్రీయో! ఫ్రీయో!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. అరిచాక తనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసి మళ్ళీ అరిచింది. తాత తలుపు వెనక నిలబడి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పదిహేను నిమిషాలు ఇస్త్రీ బల్ల దగ్గర బడి. ఆవిడ చెప్పేది, ఆయన సుద్దముక్కతో పాత బిల్లు వెనక తెలుగులో రాసుకునేవాడు. ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు రంగుల ఆట. "రోహో" అంటే ఎర్రవన్నీ ఒక కుప్ప, "అసూల్" అంటే నీలంవి ఒక కుప్ప, ముందు పూర్తిచేసినవాళ్ళు కుప్ప మీద కూర్చోవచ్చు. గుండీల డబ్బాతో అంగడి ఆట. మెట్లు దిగుతూ ఒక్కో మెట్టుకూ ఒక అంకె, తప్పితే మళ్ళీ పైకి. "తప్పు అనొద్దు మాస్టర్. పిల్ల తప్పు చెబితే మీరు మామూలుగా కరెక్టుగా చెప్పేయండి. అదే వింటుంది" అని ఆవిడ నేర్పింది. ఆవిడ ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి. ఆయన మాత్రం ఒక్క కూతురిని పెంచాడు, అదీ భార్య పెంచితే పక్కనుండి చూశాడు.

ఒకరోజు ఆవిడ ఒక ఊదారంగు మేజోడు తెచ్చింది. దానికి రెండు పెద్ద గోధుమరంగు గుండీలు కళ్ళుగా, ఎర్రగుడ్డ ముక్క నోరుగా కుట్టి ఉంది. చేతికి తొడుక్కుని ఆడిస్తే మాట్లాడుతున్నట్టే ఉంది.

"వీడికి మీ భాష రాదని చెప్పండి మాస్టర్. స్పానిష్ తప్ప ఏదీ రాదు. అప్పుడు పిల్ల వాడితో ఆ భాషే మాట్లాడాలి కదా?"

గుండీలు ఎక్కడివని ఆయన అడిగితే, తన పాత కోటువని చెప్పింది. బొమ్మ బాగుంది గాని కుట్టు మాత్రం వంకరటింకర. ఇస్త్రీ చేసేవాళ్ళకు సూది పని రావాలని ఎక్కడుంది?

ఇక్కడ దర్జీ తాత చేసిన పని ఆయన చాలా రోజులు ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఇంటికి వెళ్ళేముందు, గదిలో ఎవరూ లేని వేళ, ఆ కుట్లన్నీ బ్లేడుతో విప్పేశాడు. గుండీలు అవే ఉంచి, నోరు అదే ఉంచి, మళ్ళీ తన చేత్తో సన్నటి కుట్లు వేశాడు. పనివాడి కంటికి వంకర కుట్టు ఆగదు, అందుకే అని తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి ఏమిటంటే, వేరే చెయ్యి ఆనవాలు ఇంటికి వెళ్ళకూడదు. పిల్లలు "ఎవరు చేశారు తాతయ్యా?" అంటే "ఇంకెవరు చేస్తారు?" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదన్నట్టు మొహం పెట్టాడు.

పిచ్చుక ఆ మేజోడుతో అన్నీ మాట్లాడేది. పొద్దున పాలు వద్దనడం, చెల్లి గిల్లిందని చాడీలు చెప్పడం, అన్నీ. రెండు నెలలకు బళ్ళోంచి ఇంకో కాగితం వచ్చింది. పిచ్చుక మాట్లాడుతోంది, మాట్లాడటమే కాదు, పక్కపిల్లలకు ఒక ఆట నేర్పుతోంది, తాతగారు ఒకసారి వచ్చి చూపిస్తారా అని.

"నాన్నా, నీ దగ్గర ఇంత సరుకుందని నాకు తెలీదు" అంది కూతురు. ఆరేళ్ళుగా ఆ గొంతులో అంత గౌరవం ఆయన వినలేదు. మీసం దువ్వుకున్నాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే సరిపోయేది. ఇస్త్రీ ఆవిడ సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. కాని ఇస్త్రీ చేసే మనిషి దగ్గర చేతులు కట్టుకుని పాఠం నేర్చుకున్నానని కూతురికి చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

టీచరమ్మ రమ్మన్న రోజున తెల్లచొక్కా వేసుకుని, గంట సెలవు పెట్టి బడికి వెళ్ళాడు. ఇస్త్రీ ఆవిడకు చెప్పలేదు. చివరి పీరియడు. ఇరవై ముగ్గురు పిల్లలు. టీచరమ్మ డస్టరు దాచింది, ఒక పిల్లవాడు వెతుకుతున్నాడు, గదంతా "ఫ్రీయో, తీబియో" అని గోల. వాడు బీరువా దగ్గరికి రాగానే మిగతా పిల్లలంతా ఒక్కసారిగా వేలు నాలిక మీద తడుపుకుని గాలిలో తాకించి "త్స్స్!" అన్నారు.

గది వెనక పొట్టి బల్లలు తుడుస్తున్న మనిషి తలెత్తింది.

ఇస్త్రీ ఆవిడే. మూడింటికి ఏప్రను మడిచి వెళ్ళేది ఇక్కడికన్నమాట. ముందు పిల్లల వేళ్ళకేసి చూసింది, తర్వాత పిచ్చుక చేతికున్న మేజోడుకేసి, దాని గోధుమరంగు గుండీలకేసి చూసింది, ఆ తర్వాత ఆయనకేసి. మొహమంతా విప్పారింది. చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఏప్రనుకు తుడుచుకుని, ఒక అడుగు ముందుకు వేసింది.

"ఎంత బాగుందండీ! ఇదంతా మీరు ఎక్కడ నేర్చుకున్నారు?" అని టీచరమ్మ అప్పుడే అడిగింది.

దర్జీ తాత కిటికీ వైపు తిరిగాడు.

"ఒక పుస్తకంలో. చాలా పాతది."

"ఆ వేలు తడుపుకోవడం కూడానా?"

"అదీ పుస్తకంలోదే."

ఆయన మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ బల్ల తుడుస్తోంది. తుడిచిన బల్లనే తుడుస్తోంది.

గంట కొట్టాక పిల్లలు సంచులు సర్దుకుంటుంటే ఆవిడ పిచ్చుక బల్ల దగ్గరికి వచ్చింది. వంగి, మేజోడును ఏదో అడిగింది. పిచ్చుక మేజోడు గొంతుతో గడగడా జవాబు చెప్పింది, అంత పొడుగు వాక్యం తాతకు రాదు. తర్వాత తాత దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తాతయ్యా, ఆవిడ ఎంత బాగా మాట్లాడుతోందో! నీలాగే వేలు తడుపుకుంటోంది. నీకు తెలుసా ఆవిడ?"

ఆవిడ అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉంది.

"ఎవరోనమ్మా. పద పద, ఆలస్యమవుతోంది" అన్నాడు, చెయ్యి అటు విసురుతూ.

తెలుగులోనే అన్నాడు. ఆవిడకు తెలుగు రాదు. కాని ఆ చెయ్యి విసిరిన తీరుకు ఏ భాషా అక్కర్లేదు. అది అన్నాక తెలిసింది ఆయనకు. బడి మెట్లు దిగుతుంటే పిచ్చుక ఒక్కో మెట్టుకూ అంకె చెబుతూ దిగింది. ఉనో, దోస్, త్రేస్. ఒక్కో అంకె ఆయనకు ఆవిడ గొంతులోనే వినిపించింది. నేల రెండుగా చీలితే బాగుండుననిపించింది. ఇంటికి వెళ్ళాక కూతురు "ఎలా జరిగింది నాన్నా?" అంటే, తలనొప్పి అని పడుకున్నాడు.

మర్నాడు దుకాణానికి మొహం చెల్లలేదు. అయినా వెళ్ళాడు. ఆవిడ ఎప్పటిలాగే "గుడ్ మార్నింగ్ మాస్టర్" అంది. తిట్టి ఉంటే బాగుండేది. మూతి ముడుచుకున్నా బాగుండేది. మధ్యాహ్నం డబ్బా తీసుకుని పైకి వెళ్ళిపోయింది, లాండ్రీ సంచుల మధ్య ఎక్కడో కూర్చుని తినడానికి. ఇక ఇస్త్రీ బల్ల దగ్గర బడి లేదు. సాయంత్రం పిల్లలు "ఇవాళ కొత్త ఆటేంటి తాతయ్యా?" అంటే గుండీల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. పాత ఆటలే ఆడించాడు. "త్స్స్" అన్నప్పుడల్లా ఆయన చెవులు కాలేవి.

అలా వారం. ఎనిమిదో రోజున ఆయన నలభై ఏళ్ళ పనితనంలో ఎన్నడూ చేయని తప్పు చేశాడు. ఒక నల్లప్యాంటుకి కుడికాలు సరిగానే మడిచి, ఎడమకాలు రెండంగుళాలు ఎక్కువ మడిచి కుట్టేశాడు. కుట్టి, దులిపి, పక్కన పడేశాడు. చూసుకోలేదు. ఇస్త్రీ బల్ల మీద రెండు కాళ్ళూ ఒకదాని మీద ఒకటి పరిచినప్పుడే అది బయటపడేది. బయటపడింది. ఆ ప్యాంటు తీసుకోవడానికి మనిషి వచ్చి పైన యజమానితో మాట్లాడుతున్నాడు, మాటలు వినిపిస్తున్నాయి. ఆవిడ చప్పుడు చేయకుండా ప్యాంటు తెచ్చి ఆయన మిషను మీద పెట్టింది. "లోపల గుడ్డ ఉంది, కత్తిరించలేదు మీరు. దించేయొచ్చు" అని మెల్లగా చెప్పి, మెట్లెక్కి వెళ్ళి "ఇస్త్రీ ఇంకా కాలేదండీ, పది నిమిషాలు" అని పైవాళ్ళకు తన పేరు మీదే చెప్పుకుంది.

ఆయన కుట్టు విప్పి, దించి, మళ్ళీ కుట్టాడు. ఆవిడ ఇస్త్రీ చేసి పంపేసి వచ్చాక, ఆయన కుర్చీలోంచి లేచి ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. ఏ భాషలోనూ తెలియలేదు.

"ఆ రోజు బళ్ళో" అన్నాడు. "తప్పు చేశాను. సిగ్గేసింది నాకు."

"ఎందుకు సిగ్గు?"

అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది ఆయనకు.

"ఇస్త్రీ చేసే ఆవిడ దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి."

ఆవిడ పెట్టెను నిలబెట్టలేదు. చొక్కా చేతుల మీద మెల్లగా నడిపిస్తూనే మాట్లాడింది.

"ఆ బళ్ళో రెండేళ్ళుగా బల్లలు తుడుస్తున్నాను మాస్టర్. ఎవరూ ఇటు చూడరు, నాకదేం బాధ కాదు. కాని ఆ రోజు అంతమంది పిల్లలు నాలాగే వేలు తడిపారు. నేను నేర్పిన పిల్లలు అనుకున్నాను. టీచరు అడిగింది. పిలుస్తారనుకున్నాను మీరు. పిలిస్తే చెయ్యి ఇవ్వాలి కదా అని చేతులు కూడా తుడుచుకున్నాను."

అంతే అంది. చొక్కా తిరగేసి వీపు వైపు పరిచింది.

దర్జీ తాతకు అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు ఆయన అది చూశాడు. గుడ్డ పక్కన పెట్టడం, ఏప్రనుకు చేతులు తుడుచుకోవడం, అంతా చూశాడు. ఎందుకు తుడుచుకుంటోందో కూడా తెలుసు. తెలిసే కిటికీ వైపు తిరిగాడు. భార్య ఉండి ఉంటే ఏమనేదో ఊహించుకోబోయాడు గాని, ఆవిడ కూడా ఈసారి ఏమీ అనేది కాదనిపించింది. ఆయన తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. ఆ కుర్చీ పదకొండేళ్ళలో మొదటిసారి గుచ్చుకుంది.

పది రోజులకు బళ్ళో తల్లిదండ్రుల సాయంత్రం. ఇంట్లో పిల్లలను బాగా ఆడించినవాళ్ళకు ఒక ప్రశంసాపత్రం ఇస్తారట, దాని మీద దర్జీ తాత పేరు రాసి ఉంది. కూతురు షిఫ్టు మార్చుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ఉడతను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. గది నిండా జనం. ఆయన కళ్ళు వెనక బల్లల వైపు వెళ్ళాయి. ఆవిడ అక్కడ లేదు. తలుపుకున్న అద్దంలోంచి వరండాలో కనిపించింది, బకెట్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద ఏదో మరక రుద్దుతోంది.

టీచరమ్మ పిలిచింది. చప్పట్లు కొట్టారు. ఆయన పత్రం అందుకున్నాడు. "రెండు మాటలు చెప్పండి" అంది.

"నాకు స్పానిష్ రాదు" అన్నాడు ఆయన. "ఇవేవీ ఏ పుస్తకంలోవీ కావు. అది అబద్ధం. నాతో దుకాణంలో పనిచేసే ఆవిడ నేర్పింది. ఆటలన్నీ ఆవిడవే. ఆ వేలు తడుపుకోవడమూ ఆవిడదే. ఆ మేజోడు కూడా ఆవిడే చేసింది, నేను కుట్లు విప్పి మళ్ళీ కుట్టి నాదని చెప్పుకున్నాను. ఇక్కడ నిలబడి పుస్తకమని చెప్పినప్పుడు ఆవిడ ఈ గదిలోనే ఉంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియక కొందరు చేతులు ఎత్తి దించుకున్నారు. కూతురి తల వంగిపోయింది. ఆయన అది చూసి కూడా నడిచి వెళ్ళి తలుపు తీశాడు.

"లోపలికి రండి. ఇది మీది" అని పత్రం చాపాడు.

ఆవిడ తలెత్తి చూసింది. ఆయన వెనక ఇటే చూస్తున్న జనాన్ని చూసింది. లేచి నిలబడింది. మోచేతుల దాకా సబ్బునీళ్ళు కారుతున్నాయి. ఆ రెండు చేతులూ పైకెత్తి చూపించి, మర్యాదగానే నవ్వింది.

"చేతులు తడిగా ఉన్నాయి మాస్టర్. కాగితం పాడైపోతుంది."

నడుముకి ఏప్రను ఉంది. పొడిగానే ఉంది.

ఆయన చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చేతి కిందనుంచి పిచ్చుక దూరి వెళ్ళింది. మేజోడు తొడుక్కున్న చేత్తోనే ఆవిడ తడి చేతిని పట్టుకుంది. ఊదారంగు మేజోడు నల్లగా తడిసిపోయింది. మేజోడు ఏదో అడిగింది. ఆవిడ బకెట్టు పక్కన మళ్ళీ కూర్చుని, దాని గుండీ కళ్ళలోకి చూస్తూ జవాబు చెప్పింది. ఇద్దరూ నవ్వారు. ఏమనుకున్నారో ఆయనకు అర్థం కాలేదు.

కూతురు వచ్చి పక్కన నిలబడింది. ఆయన మొహంకేసి చూడకుండా అడిగింది.

"ఎన్నాళ్ళుగా తెలుసు నాన్నా నీకావిడ?"

"పదకొండేళ్ళు."

పిచ్చుక చెవులు చురుకు. మేజోడును ఆవిడ చేతిలోనే ఉంచి, తల ఇటు తిప్పింది.

"మరి ఆ రోజు నేనడిగితే ఎవరో అన్నావుగా తాతయ్యా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. జవాబు కోసం ఆయనకేసే చూస్తూ ఆగింది. వరండాలో ఆవిడ కూడా, ఆ మాటలు అర్థం కాకపోయినా, తలెత్తి ఆగింది. దర్జీ తాత ప్రశంసాపత్రాన్ని రెండుగా మడిచాడు, తర్వాత నాలుగుగా మడిచాడు, ఇంకా మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యే దాకా మడుస్తూనే ఉన్నాడు.